సవరం కింద పేనుకొరుకుడు

నెల్లిమర్లలో జూట్‌మిల్లు గేటుకి ఎదురుగా మా నాన్న మంగలిషాపు ఉండేది. కత్తెర పట్టడం నాకు అక్కడే వచ్చింది. ఆడపిల్ల మగాళ్ళ తలలు ముట్టుకోవడమేమిటని మావాళ్ళు గోల చేస్తే, విశాఖపట్నం వెళ్ళి ఆడవాళ్ళ పని నేర్చుకుని, విజయనగరంలో సొంతంగా పార్లర్ పెట్టాను. ఇప్పుడు శ్రీకాకుళం నుంచి కూడా పెళ్ళివాళ్ళు వస్తారు. నాకు ఖాళీ ఉందో లేదో కనుక్కున్నాకే ముహూర్తం పెట్టించుకున్న ఇళ్ళున్నాయి. టీవీవాళ్ళు వచ్చి నేను వేసిన జడలు చూపించారు. పేరొస్తే ధైర్యం వస్తుందనుకున్నాను గానీ నాకు భయమే పెరిగింది. పెళ్ళికూతురి తల మీద చెయ్యి వేసే ముందు ఇప్పటికీ పిన్నులు రెండుసార్లు లెక్కపెట్టుకుంటాను.

మొన్న మాఘమాసంలో రామతీర్థంలో ఒక పెళ్ళి. సత్రం గదిలో పెళ్ళికూతురి జుట్టు విప్పి దువ్వుతుంటే నడినెత్తిన నా వేళ్ళు ఆగిపోయాయి. పేనుకొరుకుడు. అరచేతిలో సగం మేర ఒక్క వెంట్రుక లేదు, నున్నగా ఉంది. అద్దంలో ఆ పిల్ల నన్నే చూస్తోంది.

"అక్కా, ఎవులికీ సెప్పకు," అంది పెదవులు కదిలీ కదలకుండా. అవతలి మూల పెళ్ళికొడుకు చెల్లెలు కూర్చుని ఫోన్‌లో వీడియో తీస్తోంది.

నేను వంగి, "పెళ్ళికొడుక్కి తెలుసేటి?" అన్నాను.

"నేదు. సెప్తే పెళ్ళాగిపోతాదని బయిం."

"జీలకర్రా బెల్లం ఇక్కడే పెడతాడు కదే. సెయ్యి తగలకుండా ఎలాగుంటాది?"

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బయటపెట్టడానికి నేనెవర్ని? దాచడానికి మాత్రం నేనెవర్ని? బయట మేళం మొదలైంది. వీడియో తీస్తున్న అమ్మాయిని పూలబుట్ట తెమ్మని పంపి, పల్చటి సవరం ఒకటి ఆ మచ్చ మీద పరిచి, పక్క జుట్టు దాని మీదికి దువ్వి పిన్నులు గుచ్చాను.

జడ వేశాక మామూలుగా నేను వెళ్ళిపోతాను. ఆ రోజు మాత్రం పెళ్ళికూతురి వెనకే కూర్చున్నాను. అడ్డుతెర మీంచి అతని చెయ్యి వచ్చి ఆమె తల మీద ఆనింది. సవరం పక్కకి జరగడం నాకు కనిపించింది. అతని వేళ్ళు బిగుసుకున్నాయి. చెయ్యి తీసేస్తాడనుకున్నాను. తీయలేదు. పంతులుగారు చాలనేదాకా అక్కడే ఉంచాడు. తెర దించాక అతని ముఖం వైపు చూశాను. ఏమీ తెలియలేదు.

తర్వాత ఫోన్ మోగితే చాలు, ఎవరి నంబరో చూశాకే తీసేదాన్ని. పెళ్ళి చెడిందేమో, నా పేరు బయటికొచ్చిందేమో అని ఒకటే ఆలోచన. కొన్నాళ్ళకి ఆ పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ కలిసి పార్లర్‌కి వచ్చారు. ఆమె తల మీది కొంగు తీసింది. మచ్చ ఇంకా పెరిగింది.

"ఆవేళే తెలిసినాదండి," అన్నాడతను. "ముందే సెప్పనేదని కోపమొచ్చి కొన్నాళ్ళు మాటాడనేదు. అప్పుడింక తిండి మానేసినాది. బయమేసి డాక్టరుగారి దగ్గరకి తీసికెళ్ళేను. మందు రాయడానికి జుట్టు అడ్డమొస్తన్నాది. పొట్టిగా కోసెయ్యండి."

"మీ అమ్మకి తెలుసా బాబూ?"

"ఇంటికెళ్ళి సెప్తాను."

నడుం దాకా ఉన్న జుట్టు మెడ దాకా కోశాను. ఆమె కళ్ళు మూసుకునే ఉంది.

ఆ సాయంత్రమే ఆ పిల్ల అత్తగారి ఫోన్. "ఎవుల్నడిగి కోసీసినావమ్మా?" అంది. మచ్చకి మందు రాయడానికే మీ అబ్బాయి కోయించాడని చెప్పాను. ఆవిడ గొంతు తగ్గించి, "జుట్టు మళ్ళీ వస్తాదా?" అని అడిగింది.

"కొందరికి వస్తాదమ్మా. ఈ పిల్లకి వస్తాదో రాదో నేను సెప్పలేను."

"సరే," అందావిడ. "పిల్లని మళ్ళీ ఎప్పుడు తేవాలో సెప్పు. ఈసారి నేనే తీసుకొస్తాను."