ఇప్పచెట్ల మీద విమానం

సన్యాసిరావు కిరండూల్ రైల్వే లైన్లో ఇరవై ఎనిమిదేళ్లు కీమాన్‌గా చేశాడు. తొలి బండి కంటే ముందు పట్టాల వెంట నడిచి, సుత్తితో తట్టి చూడటం అతని పని. అలాంటివాణ్ణి రిటైరయ్యాక గని కొండల ఫోటోలు తీసే విమానానికి కాపలా పెట్టారు. బారెడు రెక్కలు, పది కిలోల బరువు, పైలట్ లేడు. తప్పులు చేస్తూ తనంతట తానే నేర్చుకుంటుంది. బ్యాటరీ మిగిలిస్తే మార్కులు, కూలిపోతే కోత. మరీ ప్రమాదమైతే సన్యాసిరావు రిమోట్ బటన్ నొక్కి తన చేతిలోకి తీసుకోవాలి.

"అన్నా, భయపడి రెండుసార్లు నొక్కినవ్. రెండ్రోజుల చదువు గంగల కలిసింది. ఇంకోసారైతే సాబ్ నిన్ను ఉంచడు," అన్నాడు భద్రాచలం నుంచి వచ్చిన ఇంజనీరు రామనర్సయ్య.

"అలాగే బాబూ," అన్నాడు సన్యాసిరావు, లోపల తిట్టుకుంటూ.

ఆ ఉదయం విమానం దారి వదిలి, వాలులోని ఇప్పచెట్ల వైపు తిరిగింది. అక్కడ దగ్గరి గూడెం మనిషి హిడ్మే, తోటి ఆడవాళ్లు నేల శుభ్రపడాలని చెట్ల కింద ఎండాకులు కాల్చి, ఇప్పపువ్వు ఏరుతున్నారు. ఏటా చేసే పనే. వేడిగాలి పైకి లేస్తోంది. మోటారు ఆపి దాని మీద తేలితే బ్యాటరీ మిగులుతుందని విమానం కనిపెట్టేసింది. మార్కుల ఆశతో చుట్లు తిరుగుతూ మంట దగ్గరికి దిగుతోంది.

"చూడన్నా, ఎంత తెలివో!" రామనర్సయ్య మురిసిపోయాడు.

సన్యాసిరావు నేల వైపే చూస్తున్నాడు. కింద మంట ఆరిపోతోంది, పైకి మోసే వేడిగాలి తగ్గిపోతోంది. విమానం కొమ్మల ఎత్తుకు వచ్చేసింది. హిడ్మే బుట్ట మీదికి వంగి ఉంది. ఉద్యోగం పోతే పోయిందని బటన్ నొక్కాడు.

"ముక్కు పైకెత్తు!" ఇంజనీరు అరిచాడు.

"వేగం లేదు బాబూ. ఎత్తితే రాయిలాగ పడిపోద్ది!"

ముక్కు కిందికే వంచాడు, సరిగ్గా హిడ్మే వైపు. ఆగిన మోటారు మళ్లీ వేశాడు. వేగం అందుకోగానే పైకి లాగాడు. విమానం ఆమె తల మీదుగా దూసుకుపోయి, కొమ్మకు తగిలి, అవతలి బీడులో ముక్కలైంది.

ఇద్దరూ పరుగెత్తుకెళ్లారు. హిడ్మే నేల మీద కూలబడి ఉంది.

"ఏంది దాదా! ఈ దినాల్ల మేం మంట పెడతమని ఊరందరికీ ఎరుకే. మీరు ఒక్కసారన్నా వచ్చి అడిగిన్రా?"

బండికి ముందు నడవడమే బతుకుగా బతికిన మనిషి, ఈ వాలు ఒక్కనాడూ దిగి చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"మార్కుల్లో మనిషిని గుద్దితే ఎంత కోతేసేవేటి బాబూ?"

రామనర్సయ్య ఒప్పుకున్నాడు. "రాయలేదన్నా. అడవిల ఎవరుంటరనుకున్న."

ఉద్యోగం ఉందో ఊడిందో ఎవరూ చెప్పలేదు. అయినా మర్నాడు పొద్దు పొడుస్తూనే సన్యాసిరావు వాలు దిగాడు. చేతిలో సుత్తి లేదన్న మాటే గానీ అదే పాత నడక. చెట్టు చెట్టు దగ్గరా ఆగి, ఎవరు ఎప్పుడు మంట పెడతారో అడుగుతూ పోయాడు.