మూట నెత్తినుంటే మూడు గళ్ళేనా

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఎండాకాలం మధ్యాహ్నాలు రెండే రకాలు: కల్లంలో కూర్చుని ఎండుమిరపకాయల్లోంచి రంగు వెలిసిన తాలుకాయలు ఏరేవి, ఏరకుండా తప్పించుకునేవి. గుంటూరులో ఇంజినీరింగ్ చదివే మా పెదనాన్న కొడుకు ఆ ఏడు సెలవులకు వస్తూ, హాస్టల్లో నేర్చుకున్న ఒక ఆటనూ, దాని నియమాల పుస్తకానికి తీయించిన జిరాక్స్ కాపీనీ వెంట తెచ్చి మమ్మల్ని రెండో రకంలో పడేశాడు. రాక్షసులు, మాంత్రికులు, పాడుబడ్డ కోటలు ఉండే కథలో తలా ఒక వేషం కట్టి మాటలతోనే కథ నడపాలి. కథ చెప్పేది అన్నయ్యే, తీర్పులు చెప్పేదీ అన్నయ్యే. పెద్దమ్మకు మాత్రం ఇది పరీక్షలకు పనికొచ్చే ఆట అని చెప్పాడు. (పుస్తకం ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఆవిడ నమ్మింది.)

ఆడేది నలుగురం. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న నేను గొడ్డలి పట్టిన వీరనారిని. మా తమ్ముడు విలుకాడు. చిలకలూరిపేట నుంచి రోజూ బండి మీద వచ్చే మేనత్త కొడుకు, అంటే మా బావ, దొంగ. (అందరికన్నా వేగంగా పరిగెత్తే వేషం ఏదని అడిగి మరీ తీసుకున్నాడు.) నాలుగో మనిషి పక్కింటి నా స్నేహితురాలు. నోరు మూతపడదు గనక చిలక అనేవాళ్ళం. ఆటలో గాయాలు మాన్పే వైద్యురాలు. వరండా గచ్చు మీద సుద్దతో గళ్ళు గీసి, సీసా మూతలు మేమనీ తాలుకాయలు రాక్షసులనీ అనుకుని ఆడేవాళ్ళం. పాచికలు ఫోన్లో వేసేవాళ్ళం. ఎవరైనా తన వంతులో ఆరు గళ్ళు నడవచ్చు, దొంగకు మరో రెండు ఎక్కువ. ఆటలో చచ్చినవాళ్ళు కథ ముగిసేదాకా బయటే ఉండాలి. చిలకకు బయట అంటే కల్లమే. వాళ్ళమ్మ ఆమెను పరీక్షల పేరు చెబితేనే ఏరే పని నుంచి వదిలింది మరి.

ఒకరోజు కోటలోంచి పారిపోతుండగా చిలకకు బాణం తగిలి స్పృహ తప్పింది. వెనక రాక్షసుల గుంపు. ముందు చాలా దూరాన కోట గేటు. నేను చిలకను ఎత్తుకున్నానని చెప్పి, ఆమె మూతను నా మూత మీద పెట్టాను. అన్నయ్య కాగితాలు తిరగేసి, "మోత ఉంటే నడక సగమే. నీకు మూడు గళ్ళు" అన్నాడు. తాలుకాయలు ఆరేసి గళ్ళ చొప్పున వస్తున్నాయి.

"దించెయ్యవే, లేకపోతే ఇద్దరూ పోతారు" అన్నాడు బావ, అప్పటికే గేటు దగ్గర నిలబడి.

చిలక ఏమీ అనలేదు. (స్పృహ తప్పినవాళ్ళు మాట్లాడకూడదని నియమం. ఆమె జీవితంలో అంతసేపు మౌనంగా ఉండటం అదే మొదలు.) ఊరికే నా మొహంలోకి చూసింది. నాకు తిక్కరేగింది.

"దించను. నెత్తిన మూటున్న మనిషి మెల్లగా నడవటం నువ్వెక్కడ చూశావన్నయ్యా? ఎప్పుడెప్పుడు దించుదామా అని కాళ్ళు ఇంకా జోరుగా పడతాయి. ఈ పుస్తకం రాసినాయన జన్మలో మూట మోసుండడు."

"పుస్తకంలో ఉంది గదా."

"అయితే ఆ పుస్తకాన్ని మన కల్లంలోకొచ్చి చెప్పమను."

కాబోయే ఇంజినీరు కదా, పరీక్ష పెడదామన్నాడు. ముందు నిజంగా చిలకనే వీపున ఎక్కించుకున్నాను. ఆమె కితకితలంటూ నవ్వి ఇద్దరినీ కాయలు ఆరబోసిన పట్టా మీద పడేసింది. కాయలు చెల్లాచెదరై పెద్దమ్మ తిట్ల దండకం ఎత్తుకుంది. దాంతో ఒక మిరపకాయల బస్తాను ఇద్దరు పట్టి నా నెత్తిన పెట్టారు. కల్లం నుంచి మోటారు గది దాకా నేను బస్తాతో, బావ చేతులూపుకుంటూ నడవాలి. ఎవరూ పరిగెత్తకూడదు.

నాలుగడుగులు వేశాడో లేదో బావను పక్క చేలో వాళ్ళు పట్టుకున్నారు. "ఏం అల్లుడూ, ఎప్పుడొచ్చావ్? అమ్మ బాగుందా?" ఊరికి అల్లుడి వరసైనవాడు జవాబు చెప్పకుండా ఎలా పోతాడు? ఇంకొకాయన పత్తి ధర అడిగాడు. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. మూట నెత్తినున్న మనిషిని చూడగానే జనం పక్కకు జరిగి దారిస్తారు. మెడ నొప్పి, ముక్కులో ఘాటు, కళ్ళమ్మట నీళ్ళు, అయినా మోటారు గదికి ముందు చేరింది నేనే. బస్తా దించి గర్వంగా వెనక్కి చూశాను. అయితే తిరిగి తీసుకెళ్ళడానికి ఆ బస్తా నా ఒక్కదాని వల్ల లేవలేదు. మనిషి సాయం రావాలని కేకలు పెట్టాల్సి వచ్చింది.

అన్నయ్య రెండూ చూశాడు. వరండాలోకి వచ్చి తీర్పు చెప్పాడు. "మోత ఉన్నా నడక ఆరు గళ్ళే. కానీ ఒకసారి కింద పడితే ఒంటరిగా ఎత్తుకోలేవు. ఇంకొకళ్ళు రావాలి."

ఆట మళ్ళీ మొదలైంది. ఆరేసి గళ్ళు నడుస్తూ గేటు ముందుదాకా వచ్చాను. అక్కడ నాకూ బాణం తగిలింది. చిలక కింద పడింది. బావ, తమ్ముడు గేటు అవతల క్షేమంగా ఉన్నారు. తలుపు మూసేస్తే సరి.

"నువ్వు ఒక్కదానివైతే ఇప్పుడు కూడా గేటు దాటొచ్చు" అన్నాడు అన్నయ్య.

"రాను."

ఎప్పుడూ నా మాట వినని మా తమ్ముడు తన మూతను వెనక్కి జరిపాడు. "ఉండక్కా, వస్తన్నా." బావ వాడి వంకా నా వంకా చూసి, "మీ ఇంటోళ్ళతో పెట్టుకుంటే ఇంతే" అని గొణుక్కుంటూ, ఉన్న ఎనిమిది గళ్ళూ వెనక్కి నడిచి వచ్చాడు. ఆ వేగం మంచిపనికి వాడటం అదే మొదటిసారి.

నలుగురం చచ్చాం. ఒక్క పాచిక కూడా మా వైపు పడలేదు.

చచ్చినవాళ్ళం గనక మర్నాటి నుంచి నలుగురం కల్లంలోనే. పెద్దమ్మకు ఏరే చేతులు నాలుగు జతలు దొరికాయి. చిలక తాలుకాయలు గంపలో వేస్తూ, "నన్ను అక్కడే దించేసుంటే మీరు ముగ్గురన్నా బతికేవాళ్ళు గదే" అంది.

"అయితే ఏంది?" అన్నాను. బావ తుమ్ముతూ అవునన్నట్టు తలూపాడు.

ఇప్పుడు నేను గుంటూరులో ఒక ఆఫీసులో కూర్చుని, ఏది మనం మోయగలిగింది, ఏది వదిలేయాల్సింది అని కొత్తగా చేరినవాళ్ళకు నెమ్మదిగా, ఓపిగ్గా చెబుతుంటాను. నా మాటల్లో తప్పేమీ లేదు. ఆ గేటు ముందుకు ఇవాళ నేను వెళ్ళినా, చిలకను మోస్తున్న అప్పటి ఆ పిల్లకు అదే చెబుతాను. దించెయ్యమ్మా, లెక్క కుదరదు అంటాను. నన్ను చూడగానే, దారికడ్డంగా నిలబడి ఊసుపోక కబుర్లాడే మనిషినని అనుకుంటుంది. పక్కకు జరగమంటుంది. జరుగుతాను.