మక్కపెరట్లో తాత కోటు

నైజాం కాలంలో ఎల్లారెడ్డి దగ్గర ఒక పల్లెలో ఉండేవాళ్లం. ఇంటి వెనక మక్కపెరడు, మొక్కజొన్న వేసిన జాగా. ఆ కంకులు ఎండి ఇల్లు చేరితేనే మాకు తిండి. మక్కలను రవ్వగా విసిరి గట్క వండుకుని, జొన్నలు చేతికొచ్చేదాకా అదే తినేవాళ్లం. అందుకే కంకులు పాలు పట్టగానే బాపు తల్లి, మా అవ్వ, మంచె ఎక్కేది. ఆమె ఒక్క కేక వేస్తే మా కంకుల మీద వాలిన చిలుకలే కాదు, పక్క పెరట్లోవి కూడా లేచిపోయేవి.

ఒక ఏడు బాపుకు తల్లి మీద జాలి పుట్టింది. జాలి పుట్టినప్పుడల్లా బాపు ఏదో ఒకటి పాడుచేసేవాడు. పిట్టలను బెదిరించే బొమ్మ ఉంటే ఆమె మంచె ఎక్కక్కర్లేదని పెరట్లో కట్టెలు పాతి, గడ్డి చుట్టి, చనిపోయిన తాత కామారెడ్డి సర్కారు కచేరీకి పోయేటప్పుడు తొడిగే నల్లకోటు దానికి తొడిగాడు. నెత్తికి ఆయన రుమాలే చుట్టాడు.

మర్నాడు అవ్వ ఆ బొమ్మను చూసి, కొంగు నెత్తిమీదికి లాక్కుని పక్కకు తిరిగి నిలబడింది. తాత ఎదుట ఆమె ఏనాడూ గొంతెత్తలేదు. ఏదైనా చెప్పాలంటే బర్రెతో చెప్పేది, తాత వినేవాడు. ఆయన కింద నిలబడి ఉంటే తను మంచె మీద ఎట్లా కూర్చుంటుంది? అమ్మను పంపితే, మామ ముందుకు పోనని తలుపు చాటునే ఆగిపోయింది.

చిలుకలకు ఈ మర్యాదలేవీ లేవు. తాత భుజం మీద కూర్చుని తీరిగ్గా తిన్నాయి.

"అది గడ్డే గదనే" అన్నాడు బాపు.

"గడ్డని నాకెరుకలేదా? కోటెవరిదిరా?" అంది అవ్వ గుసగుసగా.

"అయితే కోటు తీసేస్త."

"అందరు చూస్తుంటే మీ బాపు బట్టలిప్పుతవా?"

అలా సగం పెరడు బోసిపోయింది. ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు. నాకైతే ఆకలి గుర్తొచ్చి భయమేసింది.

ఒక పొద్దున చిలుక ఒకటి తాత రుమాలు మీదెక్కి గింజలు ఒలుచుకుంటుంటే అవ్వ చూసింది. కొంగు జారినా సర్దుకోలేదు.

"నిన్నే. పిల్లల నోటికాడి కూడు పోతుంటే గట్లనే నిలవడ్డవేంది? బతికున్నప్పుడు గూడ గిట్లనే జేసినవ్."

ఆ గొంతుకు చిలుకలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. అవ్వ మాత్రం ఆగలేదు. ఆ రోజు నుంచి మంచె ఎక్కి, పెళ్లినాటి సంగతులు మొదలుకొని తాతను వరసగా కడిగేసింది. ఒక్క పిట్ట వాలలేదు. మిగిలిన కంకులన్నీ ఎండి ఇల్లు చేరాయి.

ఖాళీ అయిన పెరట్లో బాపు బొమ్మను పీకబోతే అవ్వ అడ్డం వచ్చింది.

"ఉండనీరా. నేనింక పెద్దపిల్ల పుట్టినకాడికే వచ్చిన."