మేనత్త, గౌరి, ఫిలింనగర్ ఎత్తు

"అమ్మ ఇగ లేదురా" అని గురువారం పొద్దున మా బావ ఫోన్ చేశాడు. బావ అంటే మా మేనత్త కొడుకు. నాకు ఏడుపు కంటే ముందు సిగ్గేసింది. ఆమెను చూసి చాలా రోజులైంది.

సినిమా షూటింగులకు గుర్రాన్ని కిరాయికి ఇచ్చేది అత్త. ఉన్నది ఒక్కటే గుర్రం, గౌరి. దాన్ని ట్రైలర్‌లోకి ఎక్కించి, ఆ ట్రైలర్‌ను తన ఎస్‌యూవీకి తగిలించి, జూబ్లీహిల్స్ మలుపుల్లో తానే నడిపేది. మాదాపూర్‌లో అద్దాల ఆఫీసులు వరసగా లేస్తున్న రోజులవి. వాటిలో ఒకదాంట్లో నా ఉద్యోగం. సెలవు వస్తే అత్త పక్క సీట్లో ఉండేవాణ్ణి.

ఆ బండిలో నాలుగు చక్రాలనూ నడిపించే మీట ఒకటి ఉండేది. దాన్ని ‘ఆటో’లో పెడితే అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకూ బలం అందుతుంది, లాక్‌లో పెడితే ఎప్పుడూ అందుతుంది. ఏది ఎప్పుడో అత్తే నేర్పింది.

"పొడి రోడ్డు మీద లాక్ వెయ్యకు బిడ్డా, మలుపులల్ల బండి మొండికేస్తది. జారుడు కనబడితే ముందే వెయ్యాలె. జారినంక వేస్తే ఏం ఫాయిదా?"

ఒక సాయంత్రం గౌరిని ఎక్కించుకుని ఫిలింనగర్ ఎత్తు ఎక్కుతున్నాం. కింద రోడ్డు పొడిగా ఉందని అత్త మీటను ఆటోలోనే ఉంచింది. పైమలుపులో నీళ్ల ట్యాంకర్ కారి అంతా తడి. ముందు కారు ఆగితే మేమూ ఆగాం. మళ్లీ కదలబోతే చక్రాలు జారాయి.

"జర దిగి చక్రం కింద రాయి పెట్టు" అంది.

దిగాను. కాలు జారి ట్రైలర్ వెనకే పడ్డాను. బండి వెనక్కి రాసాగింది. అద్దంలో నన్ను చూసి అత్త స్టీరింగ్ తిప్పేసింది. ట్రైలర్ నా మీదికి రాకుండా పక్క గోడను గుద్దుకుంది.

నాకు మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. గౌరి ముందుకాలు దెబ్బతింది. అది మళ్లీ పరుగెత్తలేదు. అత్త ట్రైలర్ అమ్మేసి, వేరేవాళ్ల గుర్రాల మీద కొత్త హీరోలకు స్వారీ నేర్పే పనికి కుదిరింది. గౌరిని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

"నా వల్లే కదత్తా" అన్నానొకసారి.

"నిన్ను దిగుమన్నదెవరు? లాక్ వెయ్యనిదెవరు? ఇగ గా ముచ్చట తియ్యకు" అని కోప్పడింది.

ఆ తప్పులో నాకు వాటా ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే నా మనసు కాస్త తేలికపడేదేమో. కుంటుతున్న గౌరిని చూడలేక అటు వెళ్లడమే తగ్గించాను.

ఆమెను చివరిసారి చూసింది ఒక శ్రావణంలో. ఆఫీసు నుంచి వస్తూ గౌరి ఉండే షెడ్డు గేటు బయట కారు ఆపాను. సన్నగా వాన పడుతోంది. అత్త గౌరిని నడిపిస్తోంది. అది కుంటుతూ ఒక్కో అడుగు వేస్తుంటే, తానూ అంతే నెమ్మదిగా, ఆగి ఆగి నడుస్తోంది. కొంగు తీసి దాని నొసటి మీద కప్పింది. దిగి పలకరించే ధైర్యం లేక సీట్లోనే కూర్చుండిపోయాను. వాళ్లిద్దరూ గోడదాకా వెళ్లి, మెల్లగా ఇటు తిరిగారు.