తిమ్మప్ప మామ కలిపిన చుట్టరికం

మా గద్వాలలో తిమ్మప్ప అని ఒక మనిషి ఉండేవాడు. ఎదుటివాళ్లతో వరస కలిపితే తప్ప ఆయనకు నోరు పెగిలేది కాదు. స్టేషన్‌లో టికెట్ కావాలన్నా ముందు కిటికీలోకి తల దూర్చి "మీదే ఊరు నాయనా?" అనేవాడు. లోపలివాడు పొరపాటున ఇటిక్యాల అన్నాడా, టికెట్ చేతికొచ్చేలోపు అల్లుడైపోయేవాడు. ఒకసారి సంతలో జేబు కొట్టబోయినవాణ్ణి పట్టుకుని, తిట్టడానికైనా వరస కావాలి కదా అని వాడి తాతదాకా ఆరా తీశాడు. వాడు పెద్దమ్మ మనవడని తేలింది. ఇంటికి తీసుకుపోయి జొన్నరొట్టెలు పెట్టి పంపాడు.

మాకూ ఆయనకూ వీసమెత్తు చుట్టరికం లేదు. ఆయన మగ్గం పక్కన మా మగ్గం, అంతే. అయినా మా నాయన బాలకిష్టయ్యను "బావా" అనేవాడు. అందుకని నాకు మామ.

ఈయనను డేరా సినిమా నడిపే పెద్దన్న అనే ఆయన పనిలో పెట్టుకున్నాడు. యుద్ధం రోజులు. మన భాష సినిమాలు కిరాయికి పిరమయ్యాయి. చవకగా దొరికేవి అరిగిపోయిన అమెరికా సినిమాలు, అవీ కాలేజీ పిల్లల ఆటపాటలవి. తక్కువ డబ్బుతో గబగబా చుట్టేసినవి. అందులో పిల్లలు పుస్తకం ముట్టరు. పాడతారు, మెట్ల మీద ఎగురుతారు, ఒక బంతి కోసం కిందామీదా పడతారు, చివరికి జంటలు జంటలుగా కౌగిలించుకుంటారు. వాళ్ల మాటలు ఎవరికీ అర్థంకావు కనుక తెర పక్కన కర్ర పట్టుకుని కథ చెప్పేవాడు కావాలి. తిమ్మప్ప మామకు ఇంగ్లీషు ముక్క రాదు. పెద్దన్నకూ రాదు కాబట్టి ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

మొదటిరోజే చిక్కొచ్చింది. తెర మీద పిల్లగాడు పిల్ల చెయ్యి పట్టుకోగానే ఆడవాళ్లంతా కొంగులు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. మా వీధి పెద్దామె మల్లమ్మ లేచి నిలబడింది.

"నడువుండ్రే పోదాం! సిగ్గుశరం లేని బొమ్మలు."

"కూసో వదినా! వాడు ఆ పిల్లకు సొంత మేనబావ. లగ్గం ఖాయమైంది" అన్నాడు మామ.

"గట్లనా? గా ముచ్చట ముందే చెప్పొద్దా?" అని మల్లమ్మ కూర్చుంది. డేరా నిలబడింది.

ఇక అప్పటినుంచి ఆ కాలేజీలో వరస లేని మనిషి లేడు. ముప్పైమంది అమ్మాయిలు ఒకేసారి కాళ్లెత్తి ఆడితే "ఏడుగురు అక్కచెల్లెండ్ల బిడ్డలు, పెండ్లికొచ్చిండ్రు." ముసలి ప్రిన్సిపాలు మేనమామ. బంతి ఆట వస్తే మరీ హుషారు.

"వీళ్లు దాయాదులు! గా గుమ్మడికాయ తీరుగున్నది తాతల ఆస్తి. పంపకం కుదరక కొట్టుకుంటున్నరు."

తక్కువ ఖర్చు సినిమాలు కదా, ప్రతిదాంట్లో అవే మెట్లు, అదే పూలకుండీ. "గా మెట్లు పోయినవారం సినిమాల చూసినం గద?" అని ఎవరో అరిచారు.

"చూడకేం? వియ్యంకులిల్లు. మళ్లొచ్చిండ్రు" అన్నాడు మామ, తడుముకోకుండా.

ఇంతలో నాకు చిక్కొచ్చి పడింది. మా పంతులమ్మ దగ్గర చదివి మెట్రిక్ ప్యాసయ్యాను. పట్నంలో కాలేజీకి పంపమని ఆమె మా నాయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. నాయన మగ్గం మీద అటూ ఇటూ విసిరే నాడె పక్కన పెట్టి అన్నాడు: "ఊళ్లె అందరు కాలేజీ సినిమాల గురించే చెప్తున్నరు. కాలేజీ అంటే ఏందో జర నా కండ్లతోని చూస్త. అటెంక మాట్లాడుదాం."

నా పైప్రాణాలు పైనే పోయాయి. మామ దగ్గరికి పరుగెత్తాను.

"మామా, ఇయ్యాల నాయన వస్తుండు. నా చదువు నీ నోట్ల ఉన్నది."

"ఫికర్ చెయ్యకు కోడలా. బావను ముందట కూసోబెడ్త" అన్నాడు. నా ఫికర్ రెట్టింపయింది.

పొద్దు గూకగానే ఆట మొదలైంది. అలవాటు ప్రకారం మామ మొదటి పాటకే హీరోకూ హీరోయిన్‌కూ లగ్గం ఖాయం చేశాడు. నాయన గొంతు సవరించుకున్నాడు.

"తిమ్మప్పా, కాలేజీల అందరు బావలేనా? నా బిడ్డకు అక్కడ బావలెవరు లేరు గద. మరి ఆమె చెయ్యి ఎవడు పట్టుకుంటడు?"

మామ కర్ర గాలిలో ఆగింది. నా వైపు చూశాడు.

"లే... లేదు బావా! లగ్గం మాటలకు పెద్దలు కూసున్నరు. తీరా చూస్తే గోత్రం ఒక్కటే అని తేలింది. ఇగ వీళ్లిద్దరు అన్నచెల్లెండ్లు!"

డేరాలో గగ్గోలు లేచింది. "మరి గట్ల నడుం పట్టుకుంటడేంది?" అని మల్లమ్మ.

"గోత్రం సంగతి వానికింకా తెల్వదు వదినా!"

ఆఖరి ఘట్టం వచ్చింది. తెర నిండా రెండు ముఖాలు దగ్గరవుతున్నాయి. మామ కర్ర పారేసి, భుజం మీది కండువా రెండు చేతులా చాపి, తెరకు అడ్డంగా దూకాడు. ఆ ముద్దు పోయి సరిగ్గా ఆయన బొజ్జ మీద పడింది. పెద్దన్న నెత్తి కొట్టుకున్నాడు. జనం చాపల మీద దొర్లి దొర్లి నవ్వారు.

"జరుగు తిమ్మప్పా. నేనేం గుడ్డోన్ని కాను" అన్నాడు నాయన. ఆయనా నవ్వుతున్నాడు. కానీ డేరా బయటికొచ్చాక నవ్వు పోయింది. "గీ ఎగురుడు దుంకుడు సినిమాల కోసం తీసిందే, నాకెరికే. నా భయం అది కాదు. పట్నంల ఈ పిల్లకు జరమొస్తే నీళ్లిచ్చే మనిషెవరున్నరు? మనోళ్లొక్కరు లేరు. నేను పంపను."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మామ మాత్రం వెంటనే అందుకున్నాడు.

"ఎందుకు లేరు? కాచిగూడల నీకు చెల్లె వరసామె ఉన్నది. మీ నాయన మేనత్త లేదా, ఆమె తోడికోడలి తమ్ముని బిడ్డ."

"పేరేంది?"

"పుట్టింటి పేరొకటి, అత్తగారింటి పేరొకటి. కనుక్కొని చెప్త."

మర్నాడు పొద్దున చీరల మూట భుజాన వేసుకుని రైలెక్కాడు. ఆ రోజు కథ చెప్పేవాడు లేక, డేరాలో ఎవరికి ఎవరేమవుతారో తెలియక జనం పరేషాన్ అయ్యారు. మామ తిరిగొచ్చేసరికి గొంతు పోయి ఉంది. "జమ్ములమ్మ. ఆమె పెనిమిటి పెంటయ్య, రైల్వేల నౌకరి. అన్న ఎప్పుడొస్తడని అడుగుతున్నది" అని గుసగుసగా చెప్పాడు.

నాయన నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. గుమ్మంలో జమ్ములమ్మ కాళ్లకు నీళ్లిచ్చి, "ఇన్నేండ్లకు యాదికొచ్చిన్నానే అన్నా?" అని కళ్లు తుడుచుకుంది. నాయన ఇంకేమీ అడగలేదు. ఆ అత్తమ్మ ఇంట్లో ఉండే నేను కాలేజీ చదివాను. మా కాలేజీలో ఒక్క మెట్టు మీద కూడా ఎవరూ ఎగరలేదు.

చదువు అయిపోయి బయల్దేరే రోజు అడిగాను. "అత్తమ్మా, మనకు చుట్టరికం ఎట్ల కలుస్తది? సరిగ్గ చెప్పు."

ఆమె పడిపడి నవ్వింది.

"నాకేం ఎరుక బిడ్డా? మీ తిమ్మప్పను అంతకుముందు చూసిందే లేదు. గల్లీల తలుపు తలుపు కొట్టి మీదే ఊరని అడిగిండంట. అందరు వెళ్లగొట్టిండ్రు. మా ఇంటి ముందట కూలబడితే నీళ్లిచ్చిన. మాది కల్వకుర్తి, అన్నదమ్ములు లేరు, బతుకమ్మకు పుట్టింటికి పిలిచే దిక్కు లేదన్న. దానికాయన, 'గద్వాలల నీకొక అన్న ఉన్నడమ్మా. నీకు తెల్వదు, వానికీ ఇంక సరిగ్గ తెల్వదు' అన్నడు. గంతే."

రైల్లో దారంతా గుబులుగానే కూర్చున్నాను. ఇల్లు చేరగానే మగ్గం దగ్గరికి పోయి నాయనకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన తలెత్తలేదు.

"నాకెరికే. మా నాయనకు అసలు మేనత్తే లేదు."

"మరి ఎందుకొప్పుకున్నవు?"

"ఆమె గుమ్మంల నిలబడి అన్నా అన్నది. కాదని ఎట్లంట?" అంటూ నాడె విసిరాడు. "జర ఆ దారం కండెలందియ్యి. బతుకమ్మ దగ్గరికొచ్చింది. మీ అత్తమ్మ చీరకు ఇంక కొంగు నేయాలె."