ఆ వినియోగదారుణ్ణి నేనే

క్షమాపణ చెప్పడానికి వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, క్షమించి పంపాను. తప్పు నాది. ఆ సంగతి నాకు అప్పటికి రెండు రోజుల ముందే తెలుసు.

ఏడేళ్లుగా మోస్తున్న బరువు ఇదే. ఇంతకన్నా పెద్ద తప్పులు చేసినవాళ్ల గురించి జీవితమంతా వార్తలు రాశాను, దిద్దాను, శీర్షికలు పెట్టాను. నా సంగతి మాత్రం ఒక్క వాక్యం కూడా రాయలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

ఆ శనివారం ఉదయం మల్లేశ్వరరావు మా గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. గుంటూరులో సముద్రపు చేపల దుకాణం అతనిది. ఒక చేతిలో కొత్త ఉప్పు బకెట్టు, సముద్రపు నీళ్లు తయారు చేసుకునే ఉప్పు. అది నా కాళ్ల దగ్గర పెట్టాడు.

“నా రాళ్లలోనే ఏదో ఉండుంటది సార్. మీ ఇంట్లో రాగి తగల్లేదన్నారుగా. అంటే ఇక నా వైపే. ఎట్టా జరిగిందో నాకైతే అంతుబట్టట్లా. క్షమించండి.”

“సరేలెండి. జరిగిందేదో జరిగింది,” అన్నాను.

ఎంత పెద్దమనిషి తరహాగా అన్నానో! ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. దాన్ని తలచుకుంటే నా మీద నాకు పుట్టే కోపం ఏడేళ్లలో ఒక్క పిసరు తగ్గలేదు. ఆ బకెట్టు కూడా తీసుకున్నాను. వద్దనలేదు.

మొదటి నుంచీ చెబుతాను.

అప్పట్లో నేను ఒక దినపత్రికలో జిల్లా పేజీలు చూసేవాణ్ణి. మిర్చి ధరలు, పత్తి బేళ్ల దగ్ధం, హైవే మీద లారీ ప్రమాదాలు. ఇరవై ఆరేళ్లు అదే పని. ఒకసారి కొత్త రకం వ్యాపారాల మీద వార్త కోసం మల్లేశ్వరరావు దుకాణానికి వెళ్లాను. మంగళగిరి చేనేత కుటుంబం వాళ్లది. మగ్గం వదిలి బయటికొచ్చింది ఇతనొక్కడే. నేత పనిలో పోగు పోగూ చూసుకునే అలవాటు మాత్రం అతన్ని వదల్లేదు. దుకాణం మధ్యలో ఒక పెద్ద గాజు తొట్టి. నీలం వెలుగులో పగడాలు వేళ్లు ఆడిస్తున్నాయి. అవి రాళ్లు కావు, మొక్కలు కావు, ప్రాణులని అతను చెప్పేదాకా నాకు తెలియదు. మిర్చి ఘాటుకు బయట రోడ్డంతా తుమ్ముతుంటే లోపల ఆ నీళ్ల ముందు నేను గంటసేపు నిలబడిపోయాను.

నాలుగడుగుల తొట్టి మా హాల్లోకి వచ్చింది.

“సముద్రం చూడాలంటే సూర్యలంక పోతే పోలా? పొద్దున పోయి మధ్యాహ్నానికి వచ్చేయొచ్చు. ఇంట్లో పెట్టుకోవడమెందుకు?” అంది మా ఆవిడ. అలా అన్న మనిషే వారం తిరక్కుండా టీవీ ఆపేసి దాని ముందు కూర్చోవడం మొదలుపెట్టింది.

మల్లేశ్వరరావు తొందరపడనివ్వలేదు. ముందు ఇసుక, సముద్రపు రాళ్లు, ఉప్పునీళ్లు. అంతే. చేప లేదు, ఏమీ లేదు. ఐదు వారాలు ఖాళీ నీళ్లు చూస్తూ కూర్చోమన్నాడు. కంటికి కనపడని జీవులు ఆ రాళ్లలో కుదురుకోవాలట. తర్వాత నత్తలు. తర్వాత ఎర్ర చారల రొయ్య ఒకటి. తర్వాత నారింజ రంగు చేపలు రెండు. అన్నిటికన్నా చివర పగడాలు, చిన్న చిన్న ముక్కలు ఆరు. వాటి దిగుమతి కాగితాలు ఫైల్లో పెట్టుకుని తిరిగేవాడు. ఒకసారి నాకు చూపించబోతే “ఎందుకు లెండి” అన్నాను.

వారం వారం కొంత నీరు తీసేసి కొత్త నీరు పోయాలి. రెండు నెలలపాటు తన క్యాన్లలో తనే తెచ్చి పోశాడు. తర్వాత నన్నే చేసుకోమన్నాడు. ఫిల్టరు నీళ్లలో ఉప్పు కలిపి ఒక రోజు ఉంచాలి. “దానికి మాత్రం కొత్త డ్రమ్ము కొనండి సార్. ఇంట్లో దేనికీ వాడనిది,” అని రెండుసార్లు చెప్పాడు.

నేను కొనలేదు. డబ్బు లేక కాదు. మన వైపు డ్రమ్ము ఎవరు కొంటారు? చిలకలూరిపేట అవతల పల్లెలో మా బావమరిది సాంబశివరావుకు ఎనిమిదెకరాల మిరప. వాళ్ల దొడ్లో నీలం డ్రమ్ములు ఎప్పుడూ నాలుగైదు దొర్లుతుంటాయి. మా ప్రాంతంలో ఒక డ్రమ్ముకు ఒకే పని ఉండదు. చేలో మందు కలిపిన డ్రమ్మే కడుక్కుని పెళ్లింట నీళ్లకు పెడతారు, వడ్లు పోస్తారు, గేదెలకు కుడితి పెడతారు. చిన్నప్పటి నుంచీ చూస్తూ పెరిగినవాణ్ణి, నాకు అది తప్పుగా తోచనే లేదు. సాంబ ఒకటి ఆటోలో పంపించాడు. మా ఆవిడ చింతపండు పెట్టి తోమింది. లోపల అడుగున సన్నగా ఆకుపచ్చ చార ఒకటి పోలేదు. చూశాను. పాచి అనుకున్నాను.

అనుకున్నానా? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో లెక్కలేదు. పాచి అయితే గోటితో గీకితే రావాలి. గీకి చూశాను, రాలేదు. అయినా నీళ్లు పట్టాను.

ఆ నీళ్లు పోసిన మర్నాడు పొద్దున రొయ్య వెల్లకిలా పడి ఉంది. నత్తలు గాజు మీద నుంచి రాలిపోయి ఇసుకలో ఉన్నాయి. మూడో రోజుకు పగడాలు వేళ్లు ముడుచుకున్నాయి, తర్వాత వాటి ఒంటి మీది కండ పొరలు పొరలుగా ఊడి నీళ్లలో తేలింది. కంపు. మా ఆవిడ ఏడ్చింది. చేపలు రెండూ మాత్రం ఏమీ పట్టనట్టు తిరుగుతున్నాయి.

మల్లేశ్వరరావుకు ఫోన్ చేసి అరిచాను. అతను అంతా విని ఒకటే అడిగాడు.

“చేపలు బాగానే ఉన్నయ్యా సార్?”

“చేపల సంగతి ఎందుకయ్యా, మిగతావన్నీ చచ్చిపోతే!”

“అది కాదండీ. చేపలు బతికి రొయ్య, నత్త, పగడం పోయినయ్యంటే అది రాగి. కొంచెం తగిలినా ఇయ్యి తట్టుకోలేవు. ఇంట్లో రాగి ఏదన్నా నీళ్లలో పడిందా? బిందె, చెంబు?”

“మా ఇంట్లో రాగి చెంబు కూడా లేదు. నీ సరుకు పాడైతే మా ఇంటి మీద పెడతావా?”

“డ్రమ్ము కొత్తదేగా సార్?”

“కొత్తదే,” అన్నాను.

అది అబద్ధం. చిన్న అబద్ధం అనుకున్నాను. కొత్తది కొనమంటే కొనలేదని ఒప్పుకోవడం నామోషీ అయింది. రాగికీ ఆ డ్రమ్ముకూ సంబంధం ఉంటుందని ఆ క్షణంలో తట్టలేదు, ఇది నిజం. కానీ ఆ ఒక్క మాట సరిగ్గా చెప్పి ఉంటే అతను నిమిషంలో పట్టేసేవాడు. రోగం ఏమిటో ఫోన్లోనే చెప్పిన మనిషి అతను.

మరి నేను ఏం చేశాను? ఆఫీసుకు వెళ్లి వార్త రాశాను.

“రంగు చేపల మాటున రంగుల మోసం.” శీర్షిక నాదే. ఆదివారం జిల్లా పేజీలో, పైన, నాలుగు కాలమ్‌లు. దుకాణం పేరు, అతని పేరు, ఫొటోతో సహా. నాసిరకం సరుకు అంటగడుతున్నారని “ఓ వినియోగదారుడు ఆవేదన వ్యక్తం చేశారు” అని రాశాను. ఆ వినియోగదారుణ్ణి నేనే. పగడాలకు అనుమతులున్నాయో లేదో అధికారులే తేల్చాలని రాశాను. కాగితాలు చూపిస్తానన్న మనిషి గురించి! ఇక చివరి వాక్యం నాకు అక్షరం అక్షరం గుర్తుంది. “ఈ విషయమై యజమానిని వివరణ కోరగా పొంతన లేని సమాధానాలు చెప్పారు.” అతను చెప్పిన సమాధానం ఒక్కటే, రాగి. అంతకన్నా పొంతన ఉన్న సమాధానం నా ఉద్యోగ జీవితంలో ఏ యజమానీ, ఏ అధికారీ నాకు చెప్పలేదు.

అందరూ మెచ్చుకున్నారు. “బాగా వాయించావు గురూ” అన్నాడు పక్క సీటు మిత్రుడు. ఇలాంటివాళ్లకు ఇలాగే బుద్ధి చెప్పాలని పాఠకులు ఫోన్లు చేశారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఆ వినియోగదారుడెవరని అడగలేదు. మా వృత్తిలో ఇది నాకు ఇప్పటికీ ఒళ్లు మండించే సంగతి. అవతలి మనిషి మాట ఒక్క వాక్యంలో, అదీ మన మాటల్లో పెట్టేస్తే చాలు, రెండు వైపులా విన్నట్టే లెక్క. ఆ లెక్కను నేను తయారు చేయలేదు. కానీ ఇరవై ఆరేళ్లు దాన్ని కొత్తవాళ్లకు నేర్పింది నేనే.

ఆ గురువారం సాంబ వచ్చాడు.

“బావా, డ్రమ్ము తీస్కపోతన్నా. నారుమడికి మందు పొయ్యాలి.”

“ఏం మందురా?”

“ఏముంది, కాపరే, రాగి మందు. నారు కుళ్లిపోకుండా ఏటా పోసేదేగా. అది కలిపే డ్రమ్మే ఇది. నీకు పంపింది ఇదే కదూ?”

“ముందే చెప్పొచ్చుగా!”

“నువ్వడిగితేగా! నీళ్లకన్నావు, కడిగి పంపించా. మేం ఆ నీళ్లు తాగుతానే ఉన్నాం, మాకేమయింది? అయినా నీ చేపలు నవాబులా ఏంది బావా, కొత్త డ్రమ్ము కావాలా వాటికి?”

నవ్వుతూ డ్రమ్ము భుజాన వేసుకుని వెళ్లాడు. నేనూ నవ్వాననుకుంటా.

అప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. మూడు వాక్యాల సవరణ. లేదా ఒక ఫోన్. సాంబ వెళ్లిన గంటలో నేను చేసింది ఏమిటో వినండి. తొట్టిలో నీళ్లన్నీ పారబోశాను. రాళ్లు సంచిలో వేసి చెత్త బండికి ఇచ్చేశాను. ఇసుక కూడా. రెండు చేపల్ని ఒక టబ్బులో కొంచెం పాత నీళ్లలో ఉంచాను. అవి బతికి ఉన్నాయి కాబట్టి చంపడానికి మనసు రాలేదు. దయ అనుకునేరు. కాదు, అలవాటు. రాగి రాళ్లలోకి ఇంకిపోతుందని, ఎన్నాళ్ల తర్వాత పరీక్ష చేసినా దొరుకుతుందని మల్లేశ్వరరావు మొదట్లో ఎప్పుడో చెప్పాడు. ఆ మాట నాకు సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది.

అందుకే అతను శనివారం వచ్చి, “ఒక సీసాలో నీళ్లిస్తారా సార్, టెస్టు చేసుకుంటా” అన్నప్పుడు నేను ఎంతో మామూలుగా “అయ్యో, మొన్నే పారబోశామండీ, వాసన భరించలేక” అనగలిగాను. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి నా వైపు చూసింది. ఆమె సాంబ అక్క, సాంబ మాటలన్నీ విన్నది. ఆ రోజు తర్వాత ఆ సంగతి మా ఇద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు. ఎందుకు రాలేదో ఆమెను అడిగే ధైర్యం నాకు లేదు.

మల్లేశ్వరరావు ఆ చేపలు రెండూ కవర్లో వేసుకుని తీసుకెళ్లాడు. అవి బతికి ఉన్నాయంటే రాగేనని అతనికి తెలుసు. చదువుకున్న పెద్దమనిషి, పత్రికలో మనిషి, ఇంట్లో రాగి లేదన్నాడు, డ్రమ్ము కొత్తదన్నాడు. కాబట్టి తన కళ్ల ముందున్న రుజువును పక్కన పెట్టి నా మాట నమ్మాడు. నా మాట నిలబడటానికి తన అనుభవం మొత్తాన్ని తప్పు పట్టుకున్నాడు. దీనికి ఏ పేరు పెట్టాలి? వార్తలో అయితే తడుముకోకుండా పెట్టేవాణ్ణి.

తర్వాత తెలిసింది, దుకాణంలో ఉన్న రాళ్లన్నీ, తెరవని ఉప్పు బకెట్లతో సహా, తనే బయట పారేశాడని. ఇంకొకళ్ల ఇంట్లో ఇలా జరగకూడదని. అధికారులు వచ్చి కాగితాలు చూశారు. అన్నీ సరిగ్గా ఉన్నాయన్నారు. అది వార్త కాలేదు. మా విలేకరి రెండు వాక్యాలు రాసి పంపితే స్థలాభావమని పక్కన పెట్టింది నేనే. దసరా దాటేసరికి షట్టరు దించేశాడు. ఇప్పుడు చిలకలూరిపేట దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో స్టోర్స్ చూస్తున్నాడని విన్నాను.

మీరు అడగొచ్చు, ఇప్పుడెందుకు చెబుతున్నావని. అదీ పేరు లేకుండా. అడగండి. అప్పుడూ పేరు లేకుండానే రాశాను కదా. సిగ్గు తగ్గిందని చెప్పను. పశ్చాత్తాపమనే మాట వార్తల్లో ఎంత చవగ్గా వాడామంటే, నాకు వాడుకోవడానికి అది మిగల్లేదు. ఒకటి మాత్రం నిజం. ఇంతవరకూ రాసేసరికి ఊపిరి కాస్త ఆడుతోంది. అది కూడా నాకు కోపంగానే ఉంది. ఆ ఊపిరి ముందుగా ఆడాల్సింది నాకు కాదు.

కిందటి నెల సవరణ రాసి పత్రికకు పంపాను. నేను రిటైరయ్యాను, ఇప్పుడు ఆ డెస్కు చూసే అతను ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే. ఫోన్ చేశాడు.

“ఏడేళ్ల నాటిది ఇప్పుడెందుకు సార్? అతనేమన్నా కేసు వేశాడా?”

“లేదు.”

“మరింకేం. వదిలెయ్యండి సార్.”

వదలనన్నాను. పైవాళ్లను అడుగుతానన్నాడు. ఐదు వారాలైంది.

సవరణ అచ్చు కాలేదు. ఆ వార్త పత్రిక వెబ్‌సైటులో ఇంకా ఉంది, అతని ఫొటోతో. మిల్లుకు వెళ్లే బస్సు మా వీధి చివరే ఆగుతుంది. నేను ఇంకా ఎక్కలేదు.