కుర్మయ్య చెప్పిన బోట్స్వానా

"నాకు బోరు పాయింట్ పెట్టుడు రాదు" అన్న ఒక్క మాట కుర్మయ్య ఎందుకు అనలేకపోయాడు? ఇన్నేళ్లయినా నాకు తెలియదు.

గౌడవెల్లి కుర్మయ్య బోరు బండి మీద పనిచేసేవాడు. తొంభై ఆరులో కంపెనీ పంపితే బోట్స్వానా వెళ్లి నాలుగేళ్లుండి వచ్చాడు. వచ్చిన వారానికే, నేను గుమాస్తాగా ఉన్న మేడ్చల్ లైబ్రరీకి వచ్చి అట్లాసు అడిగాడు. దక్షిణాఫ్రికా నెత్తిన వేలు పెట్టి, "గిదే సార్. సముద్రం లేదు. సగానికెక్కువ ఇసుకనే. మనుషులకంటె గొడ్లెక్కువ" అన్నాడు.

"మరి ఎట్లా బతుకుతారు?"

"గొడ్లు, వజ్రాల గనులు. వానను పుల అంటరు. పైసలకు గదే పేరు. దీవించినా పులనే."

అట్లాసు మూసి, "గాడ ఎయిడ్స్ సార్. నా బండి మీద ముగ్గురు పోయిన్రు. శనివారమొస్తె సావులకు ఊరంత బొందలగడ్డ కాడనే. అయినా ఎదురైనోణ్ణి పలకరించకుండ ఎవ్వడు పోడు" అన్నాడు.

అక్కడివాళ్లలా ఎడమచేత్తో కుడి మోచేయి పట్టుకుని చేయి కలపడం నాకు నేర్పాడు. ఊళ్లోనూ అట్లాగే కలుపుతుంటే, "దొరొస్తుండు, చేతులు దాసుకోండ్రే!" అని ఆడవాళ్లు నవ్వేవారు.

"నీళ్లెక్కడున్నాయో నువ్వే చూసేవాడివా?" అన్నాను.

"నేనేడ సార్! పాయింట్ పెట్టేది ఇంజనీరు. నేను రాడ్లు దించేటోణ్ణి."

రెండువేల రెండులో వానలు పడలేదు. కుర్మయ్య చెల్లెలు మైసమ్మకూ ఆమె భర్త గండయ్యకూ ఉన్న రెండెకరాల్లో బావి అడుగంటింది. బోరు పడకపోతే పొలం ప్లాట్లవాళ్లకు పోతుంది. అరచేతిలో అడ్డంగా పెట్టిన కొబ్బరికాయ ఎక్కడ లేచి నిలబడితే అక్కడ బోరు వేయడం మా వైపు ఆనవాయితీ. మైసమ్మ కాయ తెచ్చి అన్న చేతిలో పెట్టింది.

"ఎడారిల నీళ్లు దీసినోనివి, చెల్లె పొలంల తియ్యవా అన్నా?"

"బోట్స్వానా బావా, జల్దీ నడువు!" అని గండయ్య నవ్వాడు.

ఆ రోజు ఆదివారం, నేనూ అక్కడే ఉన్నాను. కుర్మయ్య నావైపు ఒకసారి చూశాడు. అతను రాడ్లు దించేవాడేనని నేనూ చెప్పలేదు. అతను కాయ పట్టుకుని నడిచాడు. చింతచెట్టు పక్కన కాయ లేచింది.

నాలుగు వందల అడుగులు దించినా తెల్లటి దుమ్మే వచ్చింది. రెండోచోటా అంతే. జుట్టంతా దుమ్ము పట్టిన మైసమ్మ, "నీ తప్పేముందన్నా, భూమిలనే నీళ్లు లేవు" అంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

ఎండాకాలానికి ఆ పొలంలో ప్లాట్ల హద్దురాళ్లు పాతారు. గండయ్య ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా చేరాడు.

ఒక పొద్దున మేడ్చల్ బస్టాండులో కుర్మయ్య సంచితో కనిపించాడు. దగ్గరికెళ్లి, అతను నేర్పినట్టే ఎడమచేత్తో మోచేయి పట్టుకుని చేయి చాపాను. నా చేతివైపు చూశాడు. బస్సెక్కి, అవతలి కిటికీ పక్కన కూర్చున్నాడు.